పండక్కి ఒక ప్రశ్న

సంక్రాంతికి రెండు రోజుల ముందు హైదరాబాదు–విజయవాడ దారిలో పంతంగి టోల్‌గేటు దగ్గర ఆగిపోయిన కార్ల డిక్కీలు తెరిచి చూస్తే, తెలుగువాళ్లు పండక్కి ఇంటికి ఏం పట్టుకెళతారో తెలిసిపోతుంది. అమ్మకు చీర, నాన్నకు బీపీ మిషను, మేనల్లుడికి రిమోట్ కారు, ఇంటిల్లిపాదికీ కాజూ బర్ఫీ. పుస్తకం కనిపించడం అరుదు. విచిత్రం ఏమిటంటే, మన పుస్తకాల పండగలు రెండూ ఈ పండగను ఆనుకునే వస్తాయి. హైదరాబాదు బుక్ ఫెయిర్ డిసెంబరు రెండో సగంలో, విజయవాడ పుస్తక మహోత్సవం జనవరి మొదట్లో. బెజవాడలో మూడున్నర దశాబ్దాలుగా ఇదే వరస. ప్రచురణకర్తలు కొత్త పుస్తకాలను ఈ రెండింటికీ అందేలా తొందరపడి అచ్చు వేయిస్తారు. వెతుక్కునే చోటు ఉంది, తగ్గింపు ధర ఉంది, ఇచ్చే సందర్భం ఉంది. అయినా ప్రదర్శనలో కొన్న సంచీ మన అలమరలోకి పోతుంది, పండగ సంచీలోకి బర్ఫీ డబ్బా పోతుంది.

ఐస్‌లాండువాళ్లు ఈ రెండు సంచులనూ ఒకటి చేశారు. క్రిస్మస్ ముందు రాత్రి ఒకరికొకరు పుస్తకాలు ఇచ్చుకుని, ఆ రాత్రి చదువుకుంటూ గడపడం అక్కడ ఆచారం. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో దిగుమతుల మీద కట్టడి ఉండి, కాగితం మాత్రం కాస్త తేలిగ్గా దొరకడంతో అది బలపడింది. ఏటా కొత్త పుస్తకాల జాబితాను అచ్చేసి ఇంటింటికీ ఉచితంగా పంపుతూ వచ్చారు. స్పెయిన్‌లో బార్సిలోనావాళ్లు ఏప్రిల్ 23న గులాబీతో పాటు పుస్తకం ఇచ్చుకుంటారు. వాళ్లకు ఒక తేదీ కుదిరింది, అంతే తేడా. మన దగ్గర కనుమ ఉంది. ఆ రోజు కాకి కూడా కదలదంటారు. బండి తీయకూడదు, ఊరు దాటకూడదు. గారెలూ కోడికూరా అయ్యాక ఇల్లంతా చాపల మీద వాలిపోయే ఆ మధ్యాహ్నం కంటే చదువుకోవడానికి మంచి పూట ఏడాదంతా వెతికినా దొరకదు.

పుస్తకాన్ని కోరి తెచ్చి ఇంకొకరి చేతిలో పెట్టడం మనకు కొత్త కాదు. 1935లో గుంటూరు జిల్లా పెదపాలెంలో పాతూరి నాగభూషణం పడవలో గ్రంథాలయం పెట్టి కాలవ మీద నడిపించారు. పాఠకుడు పుస్తకం దగ్గరికి రాకపోతే పుస్తకమే పాఠకుడి దగ్గరికి వెళ్లాలన్నది ఆ పని వెనక ఉన్న ఆలోచన. నిజాం రాజ్యంలో వట్టికోట ఆళ్వారుస్వామి, వంటవాడిగా, హోటలు సర్వరుగా, ప్రూఫు రీడరుగా బతికిన మనిషి, 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, వేసిన పుస్తకాలను తానే ఊరూరా తిప్పి అమ్మాడు. ఎమెస్కోవాళ్లు ఇంటింటా సొంత గ్రంథాలయం అంటూ పాకెట్ పుస్తకాలు తెచ్చారు. బళ్లలో ఆగస్టు పదిహేనుకు వ్యాసరచన పోటీ గెలిచిన పిల్లలకు గాంధీ ‘సత్యశోధన’ ఇచ్చేవారు. కమ్యూనిస్టు కుటుంబాల దండల పెళ్లిళ్లలో, తాంబూలం లేకపోయినా క్రొవ్విడి లింగరాజు అనువదించిన గోర్కీ ‘అమ్మ’ మాత్రం తప్పకుండా చేతులు మారేది. పెళ్లికూతురి పెట్టెలో ‘మహాప్రస్థానం’ అత్తారింటికి వెళ్లిన ఇళ్లు కృష్ణా, గుంటూరు జిల్లాల్లో చాలానే ఉన్నాయి.

తరవాతి కాలంలో పుస్తకం కానుక వేదికల మీదికి ఎక్కింది. శాలువా, జ్ఞాపిక, ఆ పక్కన రంగు కాగితం చుట్టిన పుస్తకం. ఇచ్చేవాడు చదవలేదు, పుచ్చుకునేవాడు విప్పడు. ఆ తంతు గురించి చెప్పడానికేమీ లేదు. నేను మాట్లాడుతున్నది ఇంట్లోవాళ్లకు, దగ్గరివాళ్లకు ఇచ్చే పుస్తకం గురించి, అందులోనూ చదివాక మనిషిని నిలవనీయని పుస్తకం గురించి.

ఆలోచింపజేసే పుస్తకం అనగానే మనవాళ్లు వ్యక్తిత్వ వికాసం అరల వైపు నడుస్తారు. ఆ అరల ముందు ప్రదర్శనలో ఎప్పుడూ రద్దీయే. నా మటుకు నాకు అవి ఆలోచనను ఆపేసే పుస్తకాలు. ఎలా లేవాలో, ఎలా గెలవాలో, ఎవరితో ఎలా నవ్వాలో జవాబులన్నీ అంకెలు వేసి చెప్పేశాక పాఠకుడికి మిగిలే పనేముంది? పైగా అలాంటి పుస్తకం కానుకగా ఇస్తే, నీలో ఫలానా లోపం ఉందని ముఖం మీద చెప్పినట్టే. ఎదిగిన కొడుక్కి పండగపూట క్రమశిక్షణ మీద పుస్తకం ఇచ్చిన తండ్రి ఆ సాయంత్రం కొడుకు కోసం వీధి చివరిదాకా వెతుక్కోవలసిందే.

కానుకగా పనికొచ్చేది ప్రశ్న ఉన్న పుస్తకం. గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ను తన తండ్రి త్రిపురనేని రామస్వామికి అంకితమిచ్చాడు. కారణం కూడా చెప్పాడు. ఎందుకు అని అడగడం తనకు నేర్పినది ఆయనే అని. తండ్రి కొడుక్కి ప్రశ్న ఇచ్చాడు, కొడుకు దాన్ని నవల చేసి తిరిగి ఇచ్చాడు. నవలలోని సీతారామారావు పరువు కోసం ఆస్తి తగలేసి, ప్రతి పనికీ ఒక సిద్ధాంతం అల్లుకుని, ఏ సిద్ధాంతం మీదా నిలవలేక కూలిపోతాడు. ఆ మనిషి మీద జాలిపడాలో, చిరాకు పడాలో, అతనిలో మనల్ని చూసుకుని ఉలిక్కిపడాలో గోపీచంద్ చెప్పడు. చదువుకుని కూడా ఇంట్లో ఊరికే కూర్చున్న కుర్రాడికి దీన్ని ఇవ్వకండి, అది దెప్పినట్టు అవుతుంది. బాగా సంపాదిస్తూ, ఎందుకు సంపాదిస్తున్నానా అని ఒక్కోసారి ఆగిపోయే నలభై ఏళ్లవాడికి ఇవ్వండి.

ఇంకొక ఉదాహరణ కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’. నవల కాదు, పెద్ద కథ. ఒక ఊళ్లో పాత అప్పు మీద పంచాయితీ నడుస్తుంది. పెద్దమనుషులందరూ న్యాయంగానే మాట్లాడుతుంటారు. అప్పు తీసుకున్నవాడు కూడా కాదనడు. అందరూ మంచివాళ్లుగా కనిపిస్తుండగానే అన్యాయం ఎలా జరిగిపోతుందో మన కళ్లముందు తేలుతుంది. ముగింపు నేను చెప్పను. ఆ ముగింపు అలా ఉండాల్సిందా, ఉండకూడదా అని అచ్చయినప్పటి నుంచీ ఇప్పటిదాకా వాదన తెగలేదు. ఒక మధ్యాహ్నంలో పూర్తయ్యే కథ. పొలాల గురించీ వాటాల గురించీ మాటలు నడిచే పండగ ఇంట్లో నలుగురూ చదివితే, రాత్రి భోజనాల దగ్గర ఆ ఊరి పంచాయితీ మళ్లీ మొదలవుతుంది. ఇది ఉన్న సంపుటి ‘యజ్ఞంతో తొమ్మిది’కి 1995లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. రెండేళ్లకు ఆయన శ్రీకాకుళంలో కథానిలయం కట్టించారు. ఇంటి నిండా తెలుగు కథలే. ఉత్తరాంధ్ర వైపు పండక్కి వెళ్లేవాళ్లు అదీ ఒకసారి చూసి రావచ్చు.

ఎవరికి ఏది అన్నది తరవాతి మాట, అసలు కిటుకూ అక్కడే ఉంది. సాధారణంగా మనకు నచ్చిన పుస్తకం ఎదుటివాళ్లకు అంటగడతాం. అది మన అభిరుచిని మనమే మెచ్చుకోవడం. చూడాల్సింది ఎదుటి మనిషి రోజు. ఆయన ఎప్పుడు కూర్చుంటాడు, ఎంతసేపు కూర్చుంటాడు, కళ్లజోడు నంబరెంత, ఏ సంగతి మీద ఇప్పటికే వాదిస్తున్నాడు. చివరిది ముఖ్యం. మనిషి ఇప్పటికే నములుతున్న విషయం మీద కొత్త కోణం చూపించే పుస్తకం పడితే చదవమని చెప్పనక్కర్లేదు.

అమ్మమ్మను తీసుకోండి. రామాయణం ఆవిడకు కంఠతా వచ్చు. ఆవిడకు మళ్లీ రామాయణమే కొనిస్తే అలమరలో నాలుగోది అవుతుంది. ఓల్గా ‘విముక్త’ ఇవ్వండి. చిన్న పుస్తకం, 2015లో సాహిత్య అకాడమీ అవార్డు పొందింది. అడవిలో సీతకు శూర్పణఖ కనిపిస్తుంది, అహల్య కనిపిస్తుంది, రేణుక కనిపిస్తుంది, తిరిగొచ్చాక ఊర్మిళ కనిపిస్తుంది. వాళ్లు ఏం మాట్లాడుకుని ఉంటారు? అమ్మమ్మకు పాత్రలన్నీ తెలుసు కాబట్టి ఓల్గా చెప్పినదానికి ఒప్పుకోదు, లేదా మనం ఊహించనంతగా ఒప్పుకుంటుంది. పద్నాలుగేళ్లు ఊర్మిళ ఏం చేసిందన్నది ఆవిడ ఎన్నడూ పైకి అడగని ప్రశ్న అయి ఉండవచ్చు.

ఇంటర్మీడియట్ చదివే పిల్లలది వేరే కష్టం. మార్కుల కోసం రెండో భాషగా సంస్కృతం తీసుకున్న తరం అది. పదో తరగతితో తెలుగు చదవడం ఆగిపోయింది. వాళ్లకు లావుపాటి నవల చూపిస్తే భయపడతారు. ముందు నోరూరించేది కావాలి. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు చిత్తూరు యాసలో రాసిన ‘మిట్టూరోడి కతలు’, మహమ్మద్ ఖదీర్‌బాబు నెల్లూరు సీమ ముస్లిం ఇంటి ముచ్చట్లతో రాసిన ‘దర్గామిట్ట కతలు’ మూడు నాలుగు పేజీలకొకటి అయిపోతాయి. నవ్విస్తూనే పేదరికం గురించి, పక్కింటి మనిషి గురించి గుచ్చుతాయి. కాస్త వాదనకు దిగే రకం పిల్లయితే రంగనాయకమ్మ ‘పిల్లల కోసం ఆర్థిక శాస్త్రం’ ఇవ్వండి. జీతం అంటే ఏమిటి, సరుకుకు విలువ ఎక్కడ్నుంచి వస్తుంది, ఒకరు పనిచేస్తే ఇంకొకరు ఎలా ధనవంతులవుతారు అన్న సంగతులు మార్క్సు ‘కాపిటల్’ ఆధారంగా పాఠాలుగా చెబుతుంది. ఆవిడతో ఏకీభవించాలని ఏమీ లేదు. సాఫ్ట్‌వేరు కొలువు తప్ప ఇంకో లోకం చూపించని కోచింగ్ సెంటర్ల మధ్య, జీతం అంటే ఏమిటని అడిగే పుస్తకం పిల్లవాడి చేతిలో పడటమే పెద్ద సంగతి. ఆవిడ పుస్తకాల ధరలు కూడా లాభం ఆశించి వేసినవి కావు.

ఇంట్లో చంటిబిడ్డ ఉంటే ఉగ్గుగిన్నెలు ఎలాగూ నాలుగైదు వస్తాయి. చలం ‘బిడ్డల శిక్షణ’ ఇచ్చేవాళ్లు ఎవరూ ఉండరు. చలం అనగానే ‘మైదానం’ గుర్తొచ్చి కంగారుపడే చుట్టాలకు ఈ పుస్తకం పెద్ద ఆశ్చర్యం. పిల్లల్ని కొట్టకూడదనీ, భయపెట్టకూడదనీ, పెద్దలు ప్రేమ పేరుతో చలాయించే పెత్తనం ఏపాటిదో చూసుకోవాలనీ ఆ రోజుల్లోనే రాశాడు. దానికి తోడు జపాను బడి కథ ‘రైలుబడి’, గిజుభాయి గుజరాతీలో రాసిన బడి ప్రయోగాల తెలుగు ‘పగటికల’ ఇస్తే, బిడ్డను మూడో ఏట ఏ స్కూల్లో వేయాలన్న చర్చ కొత్త దారి పడుతుంది.

పదవీ విరమణ చేసిన నాన్నలకు జీవిత చరిత్రలు ఇవ్వడం రివాజు. ఇవ్వాల్సినది శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి ‘అనుభవాలూ – జ్ఞాపకాలూనూ’. వేదం, శ్రౌతం తప్ప తెలుగు చదవడమే చిన్నతనంగా చూసిన ఇంట పుట్టి, తెలుగులో రాయాలని మొండికేసిన మనిషి కథ. గొప్పవాళ్ల పరిచయాల చిట్టా కాదు. ఎవరింట ఏం తిన్నాడో, ఎవరితో ఎందుకు తగువు పడ్డాడో అంతా చెబుతాడు. చదువుతున్న నాన్నకు తన ఊరు, తన మాస్టారు గుర్తొచ్చి, మీరెన్నడూ వినని సంగతులు బయటికి వస్తాయి. పుస్తకంతో పాటు ఒక మంచి నోటుబుక్కు కూడా ఇచ్చి చూడండి.

అసలు చదవనివాళ్ల మాటేమిటి అంటారా? మాలతీ చందూర్ ‘వంటలు – పిండివంటలు’ ఉందిగా. ఒకప్పుడు కాపురానికి వెళ్లే ఆడపిల్ల సామాన్లలో అది తప్పనిసరి. భిలాయి వెళ్లినా, బొంబాయి వెళ్లినా వెంట ఉండేది. ఇప్పుడు అదే పుస్తకం పెళ్లికొడుక్కి ఇవ్వండి. అంతకంటే ఆలోచింపజేసే కానుక తెలుగునాట ఇంకొకటి ఉండదు.

నాకు బాగా ఇష్టమైన పద్ధతి జంటగా ఇవ్వడం. ఒకే ప్రశ్నను రెండు వైపుల నుంచి అడిగే రెండు పుస్తకాలు కలిపి కట్టడం. ఒక్క పుస్తకం ఇస్తే ఇచ్చినవాడి అభిప్రాయం ఏమిటో తెలిసిపోతుంది. రెండు ఇస్తే పుచ్చుకున్నవాడే మధ్యలో నిలబడి తేల్చుకోవాలి.

ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’, జి. కల్యాణరావు ‘అంటరాని వసంతం’ ఇలాంటి జంట. మొదటిది 1922 నాటిది. ఉన్నవ వేలూరు జైల్లో ఉండగా రాశాడు. మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. రామదాసు కుటుంబం, రైతుకూలీల కష్టం, చౌదరయ్య చేతిలో సంగదాసు చావు, ఆ తరవాత ఊళ్లో లేచిన అలజడి అందులో ఉన్నాయి. గాంధీ మార్గం మీద నమ్మకం ఉన్న, పై కులంలో పుట్టిన ఒక మంచి మనిషి మాలపల్లిని చూసిన చూపు అది. రెండోది 2000లో వచ్చింది. ఎన్నెలదిన్ని అనే ఊరి నుంచి మొదలై, వీధినాటకం ఆడిన ఎల్లన్న నుంచి కింది తరాల దాకా, రూతు అనే స్త్రీ జ్ఞాపకాల మీదుగా నడుస్తుంది. ఇందులో మాలపల్లి తనను తానే చూసుకుంటుంది, తన పాటను తానే లెక్కగట్టుకుంటుంది. రెండింటికీ మధ్య దాదాపు ఎనభై ఏళ్లు. ఉన్నవ జాలి చూపిన చోట కల్యాణరావు ఏం చూపాడు? రామదాసు ఓర్పును మొదటి పుస్తకంలో మెచ్చుకున్న పాఠకుడు, రెండోది ముగించాక ఆ ఓర్పు గురించి ఏమనుకుంటాడు? నేనైతే ‘మాలపల్లి’ ముందు చదవమంటాను. తిరగేసి చదివినవాళ్లు కూడా ఉంటారు, వాళ్ల మాట వేరుగా ఉంటుంది. ఈ జంటను డిగ్రీ పిల్లలకు, ఊళ్లో సర్పంచి పనో బడి పనో చూసే వాళ్లకు, ఇప్పుడు కులం ఎక్కడుందండీ అని అడిగే బంధువులకు ఇవ్వవచ్చు.

ఇంకో జంట వియ్యంకుల కోసం. తెలుగువాళ్లకు 2014 నుంచి రెండు రాష్ట్రాలు, పెళ్లిళ్లు మాత్రం ఇటూ అటూ జరుగుతూనే ఉన్నాయి. కోనసీమ వియ్యంకుడికి దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ ఇవ్వండి. దొరల గడీలు, వెట్టి, నిజాం కాలపు తెలంగాణ పల్లె ఆ మాటల్లోనే వినిపిస్తుంది. వరంగల్లు వియ్యంకుడికి వంశీ ‘మా పసలపూడి కథలు’ ఇవ్వండి. గోదావరి కాలవగట్టు మనుషులూ, వాళ్ల ఎకసెక్కాలూ, వాళ్ల తిండీ. ఇందులో మొదటిది మనసును కలతపెట్టే నవల, రెండోది ఎక్కువగా మురిపించే కథలు, తూకం సరిపోలేదని ఎవరైనా అనవచ్చు. నిజమే. అయినా ఒకరి యాసను ఇంకొకరు పైకి చదువుతూ నోరు తిప్పుకోలేక నవ్వుకోవడంతో మొదలైన మాట, గడీల దగ్గరికి రాకుండా ఉండదు.

ఇవ్వకూడనివి కూడా కొన్ని ఉన్నాయి. రోజూ పారాయణ చేసే పెదనాన్నకు ‘రామాయణ విషవృక్షం’ మూడు భాగాలూ కట్టి పంపడం కానుక కాదు, కయ్యం. ఆ పుస్తకం తక్కువదని కాదు. దాన్ని వెతుక్కుని వచ్చేవాడు చదవాలి, ఇంటికి పంపితే పుస్తకానికీ న్యాయం జరగదు. భర్తతో పడనమ్మాయికి విడాకుల నవల, తాగేవాడికి మద్యపాన నిషేధం మీద కథలు ఇచ్చేవాళ్లది మంచి ఉద్దేశమే. కానీ పుస్తకం వేలెత్తి చూపిందనిపిస్తే మూత పడిపోతుంది. కవిమిత్రులకు కూడా ఒక మనవి. మీ సంపుటి మీరే పండక్కి పంచిపెట్టకండి. అభిప్రాయం చెప్పలేక చుట్టాలు ముఖం చాటేస్తారు.

స్టాల్లో పుస్తకం ఎంచేటప్పుడు చేతికీ కళ్లకూ కాస్త పని చెప్పాలి. పెద్దవాళ్లకు కొంటుంటే ముందు అక్షరం సైజు చూడండి. అదే నవలకు రెండు మూడు సంస్థల ముద్రణలు ఉంటాయి, ఒకదాంట్లో చీమలబారు, ఇంకోదాంట్లో హాయిగా చదివే అచ్చు. ఎనిమిది వందల పేజీల గట్టి అట్ట పుస్తకం పడుకుని చదివే అలవాటున్నవాళ్ల గుండెల మీద బరువు. బైండింగ్ కుట్టిందా, జిగురుతో అంటించిందా చూడండి. జిగురుది రెండోసారి విప్పగానే ఆకులు రాలుస్తుంది. పేజీలు మొదటి నుంచి చివరిదాకా ఒకసారి దొర్లించాలి. పుస్తకం ఫారాల లెక్కన కూరుస్తారు కాబట్టి, ఒక్కోసారి ఒక ఫారం రెండుసార్లు పడి, ఇంకో ఫారం పూర్తిగా ఎగిరిపోతుంది. కథ రసకందాయంలో ఉండగా పదహారు పేజీలు లేని పుస్తకం పండగపూట ఎవరికి కావాలి?

అనువాదమైతే సంభాషణలున్న పేజీ తెరిచి పైకి చదవండి. మనుషులు మాట్లాడినట్టు ఉంటే తీసుకోండి, నోరు తిరగకపోతే అక్కడే పెట్టేయండి. సహవాసి చేసిన ‘ఏడు తరాలు’ ఈ పరీక్షకు నిలబడుతుంది. ఆఫ్రికా నుంచి బానిసగా తెచ్చిన కుంటా కింటే వంశం గురించి అలెక్స్ హేలీ రాసిన పెద్ద పుస్తకాన్ని కుదించి, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ కోసం తెలుగు చేశాడాయన. ఎక్కడో అమెరికా కథ తెలుగు పల్లెల్లో చేతులు మారి మారి చదవబడిందంటే సగం పుణ్యం ఆ తెలుగుదే. ‘కన్యాశుల్కం’ కొనేవాళ్లు అది 1909 నాటి రెండో కూర్పో కాదో చూసుకోవాలి. 1897 నాటి మొదటి కూర్పు పరిశోధకులకు. మనకు తెలిసిన గిరీశం, మధురవాణి నిండుగా కనిపించేది రెండోదాంట్లోనే. పాత మాటలకు అర్థాలు వెనక ఇచ్చిన ముద్రణ దొరికితే ఇంకా మంచిది. ఏది కొనాలో అస్సలు తేలకపోతే వాసిరెడ్డి నవీన్, పాపినేని శివశంకర్ 1990 నుంచి ఏటా తెస్తూ వచ్చిన ‘కథ’ సంకలనాల్లో ఒకటి తీసుకోండి. పుచ్చుకునేవాళ్లు ఉద్యోగంలో చేరిన ఏడాదిదో, పెళ్లయిన ఏడాదిదో వెతికి ఇస్తే ఆ ఏడు తెలుగు సమాజం దేని గురించి బాధపడిందో వాళ్లకు కనిపిస్తుంది.

ఇక రాసి ఇవ్వడం. ఆదివారం పూట హైదరాబాదు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేసేవాళ్లకు లోపలి మొదటి పేజీ రుచి తెలుసు. చెల్లెలికి అన్న, శిష్యుడికి మాస్టారు, స్నేహితురాలికి పేరు రాయని ఎవరో. చాలావాటి మీద ఆశీస్సులే ఉంటాయి. అభినందనలతో, ప్రేమతో, సంతకం. అది చాలదు. పూర్తి పేరు, చుట్టరికం, ఊరు, తేదీ రాయాలి. పాతికేళ్ల తరవాత అది మనవరాలి చేతికొస్తే, రాజు మామయ్య అంటే ఏ రాజు అని వెతుక్కోకూడదు. ఆ కింద ఒక్క వాక్యం, ఈ పుస్తకం నీకే ఎందుకు అనిపించిందో. చాలా బాగుంటుంది చదువు అని కాకుండా, నువ్వు ఆ రోజు పొలం అమ్మకం గురించి అన్న మాట దీంట్లో ఫలానా మనిషి కూడా అంటాడు అని. నేను చూసిన వాటిలో మనిషిని పుస్తకంలోకి లాగేది ఇలాంటి వాక్యమే. సలహా రాయకండి. సిరా ఇంకే కాగితమైతే పెన్సిలు వాడండి. ఇంట్లో చదివినవాళ్లందరూ చివరి పేజీలో పేరూ తేదీ వేసే అలవాటు చేస్తే ఆ పుస్తకానికి ఒక వంశవృక్షం తయారవుతుంది.

అంకితాల విషయంలో మన పుస్తకాలే మంచి పాఠాలు. శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’ అకాలంగా పోయిన స్నేహితుడు కొంపెల్ల జనార్దనరావుకు అంకితం. పుస్తకం 1950లో బయటికి వచ్చింది, అప్పటికి జనార్దనరావు పోయి పన్నెండేళ్లు దాటింది. 1981లో లండన్ నుంచి గూటాల కృష్ణమూర్తి అదే పుస్తకాన్ని శ్రీశ్రీ సొంత దస్తూరితో, ఆయన గొంతు క్యాసెట్టుతో సహా తెచ్చాడు. అలాంటి ప్రతి ఎవరి దగ్గరైనా ఉంటే దాన్ని కానుక ఇవ్వమని నేను మాత్రం చెప్పను. దాచుకోండి.

సముద్రం అవతల పిల్లలున్న ఇళ్లకు ఇంకో లెక్క. సూట్‌కేసు ఇరవై మూడు కిలోలు దాటకూడదు, అందులో ఆవకాయకే సగం పోతుంది. మనవలు తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు, లేదా తెలుగు నేర్పే ‘మనబడి’కి వెళ్లి కూడబలుక్కుని చదువుతారు. వాళ్ల కోసం రెండు భాషల్లో దొరికే పుస్తకం వెతకండి. ‘విముక్త’కు ‘ది లిబరేషన్ ఆఫ్ సీత’ అని ఇంగ్లీషు అనువాదం ఉంది. అది డాలస్‌లో మనవరాలి చేతిలో, తెలుగుది తెనాలిలో అమ్మమ్మ చేతిలో. ఆదివారం వీడియో కాల్‌లో ఎప్పటిలా ఏం తిన్నావు, ఏం చేశావు అయ్యాక శూర్పణఖ గురించి మాట్లాడుకోవచ్చు. చదవలేని పెద్దలకూ, కారు నడిపే కొడుకులకూ దాసుభాషితం లాంటి యాప్‌లలో విని ఆనందించే పుస్తకాలున్నాయి. ‘బుడుగు’ను మాత్రం తాతయ్యే చదివి వినిపించాలి. ముళ్లపూడి రాసిన అల్లరి అంతా నోటితో పలికితేనే తెలుస్తుంది, బాపు బొమ్మ కెమెరాకు చూపిస్తే చాలు.

ఇంత చేసి ఎవరికి లాభం అంటే, ప్రచురణకర్తలకు మొదట. తెలుగులో మంచి పుస్తకం వెయ్యి ప్రతులు వేసి, అవి అమ్ముడవడానికి ఏళ్లు ఎదురుచూసే సంస్థలే ఎక్కువ. ఒక్క ఇంట్లో ఇరవై మంది చుట్టాలకు ఇరవై ప్రతులు కొంటే ఆ గోడౌనులో ఒక కట్ట కదిలినట్టు. కిలో కాజూ బర్ఫీ ధరలో రెండు నవలలు వస్తాయి. పెళ్లిళ్లలో రిటర్న్ గిఫ్టుగా ప్లాస్టిక్ డబ్బాలు పంచే బదులు, ‘వైద్యుడు లేని చోట’ లాంటి పుస్తకం ఇంటికొకటి ఇచ్చినా ఊరికి మేలు.

ఇచ్చాక చదివావా అని అడగకండి. అది పరీక్ష పెట్టినట్టు ఉంటుంది. ఉగాది దాకా ఊరుకోండి. అప్పుడు కూడా మాటల మధ్య ఆ పంచాయితీలో పెద్దమనిషి చేసింది తప్పంటావా అని మీరే తెలియనట్టు అడగండి. చదవకపోతే ఏ పెద్దమనిషి అంటారు, వదిలేయండి, వేసవి సెలవులున్నాయి. చదివి ఉంటే వాదనకు దిగుతారు. ఒకవేళ ఏం పుస్తకం ఇచ్చావురా బాబూ, నాకు అస్సలు నచ్చలేదు అని రాత్రి పదింటికి ఫోను వచ్చిందనుకోండి, ఎందుకు నచ్చలేదో అడిగి, చార్జరు దగ్గర పెట్టుకుని కూర్చోండి.